పెంగ్విన్‌గారి వంటిళ్ళు

ఆడవాళ్ళు నలుగురు చేరితే చీరలూ నగలూ తప్ప ఇంకో మాట వుండదని పూర్వం నుంచీ మన మీద ఒక అపవాదు వుంది. కంప్యూటరు సరదా వున్న మగవాళ్ళు నలుగురు చేరితే ఏం మాట్లాడుకుంటారో ఇంతవరకూ ఎవరూ రాసినట్టు లేదు. నేను చెబుతాను వినండి. "నీది ఏ డిస్ట్రో?" — ఇదీ వాళ్ళ మొదటి ప్రశ్న. వియ్యాలవారు గోత్రం అడిగినట్టే అడుగుతారు. జవాబు వచ్చాక ఇక కాఫీలు చల్లారిపోవలసిందే. ఒకడు ఆర్చ్ అంటాడు. ఇంకొకడు "ఫెడోరా ముందు అదెంత?" అంటాడు. మూడోవాడు డెబియన్ పేరెత్తితే తక్కిన ఇద్దరూ ఒకటైపోయి "అది తాతయ్యలది" అని నవ్వుతారు. మింట్ వాడేవాడు పాపం నోరే విప్పడు!

మా తమ్ముడి కొడుకూ, వాడి స్నేహితులూ సెలవులకి వచ్చినప్పుడల్లా ఈ సభ మా ముందుగదిలో జరుగుతుంది. నవలలు రాసుకునేదాన్ని కనక ఇతరుల పోట్లాటలు వినడం నా వృత్తిలో భాగం. చాలాకాలం విన్నాక నాకు తోచిందేమిటంటే — వీళ్ళు కొలిచే వస్తువు మంచిదే గాని, కొలిచే తవ్వ సరైంది కాదు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ఇంతకీ డిస్ట్రో అంటే ఏమిటి? తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1991 ఆగస్టులో, ఫిన్లండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు తను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని నలుగురికీ తెలియజేశాడు. అదే లినక్స్. నిజానికి అతను రాసింది కెర్నెల్ — అంటే గింజ. యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకీ మధ్య కూర్చుని, ఎవరికెంత మెమరీ, ఎవరి వంతు ఎప్పుడు అని పంచిపెట్టే భాగం. ఒట్టి గింజతో ఎవరి కడుపూ నిండదు కదా! దానికి తోడు కావలసిన సామగ్రి చాలా భాగం, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ మొదలుపెట్టిన గ్నూ ఉద్యమంలో అప్పటికే తయారవుతూ వచ్చింది. ఈ కెర్నెల్‌నీ, ఆ సామగ్రినీ, ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాము దగ్గర్నుంచి ఫోటోలు చూసుకునే ప్రోగ్రాము దాకా వేలకొద్దీ ప్యాకేజీలనీ పోగుచేసి, ఒకదానితో ఒకటి పొసిగేట్టు సర్ది, పరీక్షించి, మన ఇంటికి పంపి, ఆ తరవాత లోపం బయటపడినప్పుడల్లా మరమ్మతులు పంపుతూ వుండే ఏర్పాటే డిస్ట్రిబ్యూషన్. ముద్దుగా డిస్ట్రో. 1996లో లారీ ఎవింగ్ గీసిన ఆ బొద్దు పెంగ్విన్ బొమ్మ వీళ్ళందరికీ ఇలవేల్పు. బియ్యం అందరివీ ఒకటేనన్నమాట. వంటిళ్ళు వేరు.

ఇక కొలత సంగతి. మన ఇళ్ళలో మగవాళ్ళ ఆదివారం వంట మీరు చూసే వుంటారు. ఉదయం ఎనిమిదింటికి సంచీ పుచ్చుకుని బజారుకి బయలుదేరతారు. మసాలా దినుసులు విడివిడిగా వేయిస్తారు. ఇంట్లో వున్న గిన్నెలన్నీ బయటికొస్తాయి. మధ్యాహ్నం రెండింటికి భోజనం. రుచిగా వుండదని నేననను. చాలాసార్లు మనకంటే బాగానే చేస్తారు. ఆ పొగడ్తలు వారం రోజులు నడుస్తాయి. కాని సోమవారం తెల్లారి ఆరింటికి పిల్లల డబ్బాల్లోకి ఏం కావాలి, కందిపప్పు అడుగంటిందా, గ్యాసు ఎప్పుడైపోతుంది — ఈ లెక్క చూసుకునే మనిషి వేరే వుంటుంది. ఆమెకి పొగడ్త వుండదు. ఆమె పనిచెయ్యని రోజున మాత్రమే, ఆమె అక్కడ వుందని అందరికీ తెలుస్తుంది.

డిస్ట్రోల గురించి కుర్రాళ్ళు చేసే పోలికలన్నీ ఆదివారం వంట పోలికలే. ఎవరిది కొత్తది, ఎవరిది వేగం, ఎవరిది ఎక్కించడం కష్టం, ఎవరి తెర అందంగా వుంది! నా కొలత సోమవారానిది. మూడేళ్ళ తరవాత కూడా ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? తప్పు జరిగితే చెబుతారా, దాస్తారా? వంట రాని మనిషి వచ్చి కూర్చుంటే విస్తరి వేస్తారా? ఈ మూడే ప్రశ్నలు.

ముందు జెంటూ దగ్గరికి వెళదాం. డేనియల్ రాబిన్స్ మొదలుపెట్టిన ఈ డిస్ట్రో మొదటి సంచిక 2002లో వచ్చింది. నీళ్ళలో అన్ని పెంగ్విన్లకంటే వేగంగా ఈదే జాతి పేరు దీనికి పెట్టుకున్నారు. ఇక్కడ పద్ధతేమిటంటే, ప్రోగ్రాములు వండినవి ఇవ్వరు. వాటి మూలరచన, అంటే సోర్స్ కోడ్ ఇస్తారు. మీ యంత్రానికి తగినట్టు మీరే కంపైల్ చేసుకోవాలి. పెద్ద ప్రోగ్రామైతే పాత కంప్యూటరు మీద రాత్రంతా పడుతుంది. తన యంత్రంలో ప్రతి మరా తన చేత్తోనే బిగించుకున్నానన్న తృప్తి గొప్పదే. వడ్లు దంచుకుని తినేవాడికి అన్నం రుచి ఎక్కువ. అయితే 2023 డిసెంబరులో జెంటూవాళ్ళే సిద్ధంగా వండిన ప్యాకేజీలు కూడా విరివిగా ఇవ్వడం మొదలుపెట్టారు. రోజూ దంచడం కష్టమని వాళ్ళకీ తెలిసిందన్నమాట.

ఆర్చ్‌ది ఇంకో తీరు. కెనడాకి చెందిన జడ్ వినెట్ దీన్నీ 2002లోనే మొదలుపెట్టాడు. ఆర్చ్‌లో సంచికలు లేవు. ఎప్పటికప్పుడు వచ్చే కొత్త సరుకు దింపుకుంటూ పోవడమే. దీన్ని రోలింగ్ పద్ధతి అంటారు. ఎక్కించాలంటే నల్లటి తెర మీద ఆజ్ఞలు ఒక్కొక్కటే టైపు చెయ్యాలి. 2021లో ఈ పని సులువు చేసే ప్రోగ్రాము ఒకటి చేర్చారు గాని, పాతకాపులు దాన్ని చూసి మూతి విరుస్తారు. "నేను ఆర్చ్ వాడతాను" అని అడగకుండానే చెప్పుకోవడం కంప్యూటరు లోకంలో ఒక ఎగతాళి సామెతగా స్థిరపడిపోయింది. మావాడూ చెప్పాడు. "అయితే దానిమీద ఏం వండుకుంటున్నావురా?" అన్నాను. "వండటం సంగతి తరవాత అత్తా, నువ్వు ముందు పొయ్యి చూడు ఎంత బాగుందో!" అన్నాడు.

కాని ఆర్చ్‌ని అంతటితో కొట్టెయ్యడం అన్యాయం. ఏ పని ఎలా చెయ్యాలో వివరంగా రాసిపెట్టుకున్న ఆర్చ్‌వికీ అనే భాండాగారం వాళ్ళకి వుంది. ఇతర డిస్ట్రోలవాళ్ళు కూడా దాన్ని చూసి నేర్చుకుంటారు. చిటికెడు, తగినంత, కొంచెం అనకుండా కొలతలు సరిగ్గా రాసిన వంటల పుస్తకం ఎంత అరుదో మనకి తెలుసు. అది ముమ్మాటికీ సోమవారం పనే. ఆర్చ్ అభిమానులు తమ పొయ్యిని చూసి గర్వపడే బదులు ఆ పుస్తకాన్ని చూసి గర్వపడితే, నేనూ వాళ్ళతో గొంతు కలుపుదును.

ఇప్పుడు నడుస్తున్న డిస్ట్రోలన్నిటికీ పెద్దది స్లాక్‌వేర్. 1993 జూలైలో పాట్రిక్ వోల్కర్డింగ్ దీన్ని విడుదల చేశాడు. అప్పటినుంచీ ఇంటి పెద్ద ఆయనే. సహాయానికి మనుషులున్నా, చివరి మాట ఆయనది. 14.2 సంచిక 2016లో వచ్చింది. తరవాతి సంచిక 15.0 రావడానికి 2022 ఫిబ్రవరి దాకా పట్టింది. మరమ్మతులు మాత్రం మధ్యలో వస్తూనే వున్నాయి కనక, గొణుక్కుంటూనే ఆ ఇంటివాళ్ళు ఎదురుచూశారు. 2018లో తన చేతిలో డబ్బు ఆడటంలేదని ఆయన బయటికి చెప్పుకున్నాకగాని, చాలామంది అభిమానులకి ఆ సంగతి తెలియలేదు. పాతికేళ్ళుగా తింటున్న అన్నం ఎక్కణ్ణించి వస్తోందో ఎవరూ అడగలేదన్నమాట! ఉమ్మడి కుటుంబాన్ని ఒంటిచేత్తో నడిపిన పెద్దమ్మని గౌరవించినట్టే స్లాక్‌వేర్‌ని నేను గౌరవిస్తాను. కాని ఆవిడకి జ్వరం వస్తే పొయ్యి వెలిగించేదెవరు?

ఆ బెంగ లేని కలవారి ఇళ్ళు కూడా వున్నాయి. ఫెడోరా 2003లో రెడ్‌హ్యాట్ కంపెనీ అండతో మొదలైంది. ఆ కంపెనీని 2019లో ఐబీఎం వారు 3,400 కోట్ల డాలర్లకి కొనుక్కున్నారు. కొత్త వంటకాలు ముందుగా రుచి చూడాలంటే ఫెడోరా మంచి చోటు. ఆరు నెలలకో సంచిక వస్తుంది. ఒక్కొక్క సంచిక ఆయుష్షు సుమారు పదమూడు నెలలు. ఏడాదికోసారి సామాను సర్దుకునే ఓపిక వుంటే చిక్కులేదు. కాని కలవారి మాట ఎంత గట్టిదో 2020 డిసెంబరులో తెలిసింది. అదే నీడలో నడిచే సెంటోస్ అనే ఉచిత డిస్ట్రో ఎనిమిదో సంచికని 2029 దాకా చూసుకుంటామని చెప్పినవాళ్ళు, 2021 ఆఖరుకే ఆపేస్తున్నామన్నారు! ఎసరు పెట్టుకున్నవాళ్ళంతా లబోదిబోమన్నారు. ఆల్మా, రాకీ అనే రెండు కొత్త ఇళ్ళు 2021లో వెలిసి వాళ్ళని ఆదుకున్నాయి.

ఉబుంటుని 2004 అక్టోబరులో లోకానికి అందించినవాడు మార్క్ షటిల్‌వర్త్ అనే దక్షిణాఫ్రికా ధనికుడు. 2002లో సొంత డబ్బు పెట్టుకుని అంతరిక్షానికి వెళ్ళొచ్చిన మనిషి. ఉబుంటు అంటే అక్కడి భాషల్లో సాటివాళ్ళ పట్ల మనిషితనం. పేరుకి తగినట్టే 2011 దాకా, అడిగినవాళ్ళకి ఏ దేశమైనా సరే, సీడీలు పోస్టులో ఉచితంగా పంపించారు. ఇంటర్నెట్టు నత్తనడక నడిచే ఆ రోజుల్లో మన ఊళ్ళలో ఎంతోమంది కాలేజీ పిల్లలు లినక్స్ మొహం మొదట చూసింది ఆ అట్ట కవరులోనే. విస్తరి వెయ్యడంలో ఉబుంటుకి మంచి మార్కులే ఇవ్వాలి. కాని 2012లో ఆ ఇంట్లో ఒక పని జరిగింది. మన కంప్యూటర్లో మన ఫైలు ఏదో మనం వెతుక్కుంటూ వుంటే, ఆ వెతికే మాట బయటికి పోయి, అమెజాన్ అంగడిలోని సరుకులు కూడా తెరమీదకి వచ్చేవి. బీరువాలో తాళంచెవి వెతుక్కుంటుంటే పక్కన సేల్సుమన్ నిలబడ్డట్టు! స్టాల్‌మన్ దాన్ని గూఢచర్యమనే అన్నాడు. చాలా గొడవ జరిగాక, 2016 సంచికలో ఆ ఏర్పాటుని మనం కోరితేగాని పనిచెయ్యకుండా చేశారు. చెప్పొచ్చేదేమిటంటే, అన్నం పెట్టేవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా ఇంటి పద్దు ఎవరి చేతిలో వుందో కనుక్కోవడం తప్పు కాదు.

ఇక నోరు విప్పని మింట్. 2006లో క్లెమెంట్ లెఫెబ్వర్ మొదలుపెట్టాడు. ముఖ్యమైన సంచికలన్నీ ఉబుంటు పునాది మీద కట్టినవే. ఈ ఇంట్లో ఒక ముచ్చట వుంది. సంచికలకి ఆడపిల్లల పేర్లు పెడతారు. మొదటిది అడా. తరవాత ఎందరో వచ్చారు — 2012లో మాయ, 2018లో తార, 2021లో ఉమ! మన వీధిలో అమ్మాయిల్ని పిలుస్తున్నట్టే వుంటుంది. 2011లో గ్నోమ్ అనే తెర ఏర్పాటు తయారుచేసేవాళ్ళు తమ పాత పద్ధతిని పూర్తిగా మార్చేశారు. అలవాటైన మెనూ లేదు, కిటికీని కిందికి దించే బొత్తాం లేదు. అప్పుడు మింట్‌వాళ్ళు, పాత పద్ధతిని కాపాడుతున్న మాటే అన్నదాన్ని చేరదీశారు. అది మన 'మాట' కాదు లెండి, దక్షిణ అమెరికావాళ్ళు తాగే ఒక తేనీరు పేరు. సినమన్ అని తమ సొంత ఏర్పాటు కూడా ఒకటి తయారుచేసుకున్నారు. కుర్రాళ్ళు దీన్ని చాదస్తం అంటారు. రోజూ చెయ్యి పెట్టే పోపులడబ్బాని ఎవరో వచ్చి అటకెక్కిస్తే, అందులో నాగరికత ఏముందో నాకు బోధపడదు. 2016 ఫిబ్రవరిలో దొంగలు మింట్ గూటిలోకి జొరబడి, డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళకి కల్తీ సరుకు అందేట్టు చేశారు. మర్నాటికల్లా మింట్‌వాళ్ళే ఆ సంగతి బయటపెట్టి అందర్నీ హెచ్చరించారు. నా రెండో ప్రశ్నకి అది మంచి జవాబు.

చివరికి తాతయ్యల డెబియన్. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ అనే ఇరవయ్యేళ్ళ విద్యార్థి దీన్ని ప్రకటించాడు. తన ప్రియురాలు డెబ్రా పేరులో ముందు సగం తీసుకుని, దానికి తన పేరు జోడించి డెబియన్ అన్నాడు. వాళ్ళు పెళ్ళి చేసుకున్నారు, తరవాత విడిపోయారు. ఇయన్ 2015లో చనిపోయాడు. పేర్లు రెండూ మాత్రం ఇప్పటికీ కలిసే వున్నాయి. ఇక్కడ సంచికలకి టాయ్ స్టోరీ సినిమాలోని బొమ్మల పేర్లు పెడతారు. ఆ సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు సిడ్. నిత్యం ప్రయోగాలు జరిగే సంచికకి వాడి పేరు! ఈ ఇంటికి యజమాని లేడు. సభ్యులే ఏటా ఓట్లువేసి ఒక నాయకుణ్ణి ఎన్నుకుంటారు. 60,000కు పైగా ప్యాకేజీలు, ఒక్కొక్కదాన్నీ కనిపెట్టుకుని వుండటానికి మెయింటెయినర్లు. రెండేళ్ళకోసారి కొత్త సంచిక వస్తుంది. అందులో సరుకు మార్కెట్లో వున్నదానికంటే ఎప్పుడూ కొంచెం పాతదే. ఆవకాయని ఊరనిచ్చినట్టు ఊరనిస్తారు.

డెబియన్‌వాళ్ళు 1997లో ఒక ఒడంబడిక రాసుకున్నారు. అందులో ఒక షరతు, తమ లోపాలు దాచిపెట్టబోమని. ఆ మాట నిలబెట్టుకున్నారా? 2006లో అక్కడి మెయింటెయినర్ ఒకరు, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ప్యాకేజీని శుభ్రం చేస్తూ, పరీక్షించే ప్రోగ్రాము తప్పు చూపిస్తోందని ఒకటి రెండు వాక్యాలు పక్కన పెట్టేశారు. రహస్యంగా మాట్లాడుకోవడానికి కంప్యూటర్లు వాడే తాళంచెవుల్ని తయారుచేసే ప్యాకేజీ అది. ఒక తాళంచెవికీ మరోదానికీ పోలిక లేకుండా పళ్ళు కోసే కిటుకంతా ఆ వాక్యాల్లోనే వుంది! దాంతో ఒక్కొక్క రకంలో 32,768 తాళంచెవులే తిరిగి తిరిగి తయారవుతూ వచ్చాయి. దొంగ వరసగా పెట్టి చూసుకోగలిగినంత తక్కువన్నమాట. ఇరవై నెలలు ఎవరికీ తెలియలేదు. 2008 మేలో లూసియానో బెల్లో అనే డెబియన్ సభ్యుడే కనిపెట్టాడు. లోకమంతటికీ చాటింపు వేసి తాళాలు మార్చుకోమన్నారు. దసరాకి ఇల్లు దులుపుతూ చిత్తుకాయితమని పారేసింది ఇంటి దస్తావేజు అయినట్టు! చిన్న తప్పు కాదు. రోజూ ఊడ్చి తుడిచే చేతులకే ఇలాంటి ప్రమాదాలూ జరుగుతాయి. ఆ తప్పుకి మార్కులు తగ్గిస్తాను. పరువు చూసుకోకుండా చెప్పినందుకు తిరిగి వేస్తాను.

ఇప్పుడు వీటన్నిటినీ ఒకేసారి పరీక్షకి పెట్టిన ఘటన ఒకటి చెప్పాలి. ఎక్స్‌జడ్ అని ఒక చిన్న ప్యాకేజీ వుంది. ఫైళ్ళని నొక్కి చిన్నవి చెయ్యడం దాని పని. అన్ని ఇళ్ళలోనూ అది వుంటుంది, ఎవరూ దాని పేరు తలవరు. ఉప్పు లాంటిది. దాన్ని ఏళ్ళతరబడి చూసుకున్నది ఒక్కడే మనిషి, జీతం లేకుండా. పని ఆలస్యమవుతోందని జనం విసుక్కుంటుంటే, 2022లో ఆయన, ఇది తనకి డబ్బురాని పని అనీ, తన మనసు ఆరోగ్యం కూడా చాలాకాలంగా బాగాలేదనీ చెప్పుకున్నాడు. అప్పటికే జియా తాన్ అనే పేరుతో ఎవరో ఆయనకి సాయం చేస్తున్నారు. వినయం, ఓపిక, చురుకుదనం! ఇల్లాలు అలిసిపోయిన ఇంట్లోకి ఇంతకంటే మంచి పనిమనిషి దొరుకుతుందా? నెమ్మదిగా తాళాలగుత్తి ఆ చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన రెండు సంచికల్లో, దూరాన్నుంచి ఎవరైనా కంప్యూటర్లోకి చొరబడేందుకు వీలుగా ఒక దొడ్డిదారి వుంది. ఆ మనిషి అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు. తన డెబియన్ సిడ్ యంత్రంలోకి ప్రవేశించడానికి మామూలుకంటే అరసెకను ఎక్కువ పట్టడం ఆయనకి వింతగా తోచింది. ఎందుకో చూద్దామని తవ్వుకుంటూ పోతే గుట్టంతా బయటపడింది. 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికే ఆ సరుకు డెబియన్ ప్రయోగశాలలోకి, ఫెడోరా రాబోయే సంచిక నమూనాలోకి, ఓపెన్‌సూసె వారి రోలింగ్ డిస్ట్రోలోకి చేరిపోయింది. ఆర్చ్‌లోకీ చేరింది గాని, అక్కడి ఏర్పాటు వేరవడం వల్ల ఆ దొడ్డిదారి తెరుచుకోలేదు. తాతయ్యల డెబియన్ స్థిరమైన సంచికలోకి మాత్రం అసలు చేరనే లేదు. అక్కడ ఇంకా పాత ఉప్పే వాడుతున్నారు! కొత్త సరుకు ముందు ఎవరింటికి వచ్చిందన్న పందెంలో ఓడిపోవడం ఆ వారం డెబియన్‌ని కాపాడింది.

కుర్రాళ్ళ సభలో ఈ కథ వస్తే అందరూ ఆ దొంగ తెలివిని, ఆ ఇంజనీరు సూక్ష్మబుద్ధిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం మనసు ఆ మొదటి మనిషి దగ్గరే ఆగిపోతుంది. ఇన్ని కోట్ల యంత్రాలు ఆయన చేతి ఉప్పు తిన్నాయి. అలిసిపోయానంటే పలికిన మొదటి చెయ్యి దొంగది.

ఇక్కడ నాకొక తమాషా కనిపిస్తుంది. ఈ మెయింటెయినర్లలో చాలా ఎక్కువ భాగం మగవాళ్ళు. ఇంత పెద్ద ఎత్తున, ఇన్నేళ్ళపాటు, జీతం బత్తెం ఆశించకుండా మగవాళ్ళు ఇంటిపని చేసిన చోటు చరిత్రలో ఇంకోటి వుందా అని ఆలోచిస్తే నాకు తట్టలేదు. ఊడవడం, తుడవడం, పాతవి మరమ్మతు చెయ్యడం, నిన్న చేసిందే ఇవాళ మళ్ళీ చెయ్యడం. ఆ పనికి దొరికే మర్యాద కూడా మనకి దొరికేదే — సరిగ్గా వున్నన్నాళ్ళూ కంటికి ఆనదు, ఒక్కరోజు తేడా వస్తే ఇల్లంతా అరుస్తుంది. ఈ రకం అలసటకి మందేమిటో మన అమ్మమ్మల్ని అడిగినా చెప్పేవారు. పని పంచుకోవాలి, చేసేవాళ్ళ పేరు చెప్పాలి.

పేరంటే గుర్తొచ్చింది. ఆడపేర్లు ఈ లోకంలో చాలానే కనిపిస్తాయి. డెబియన్‌లో డెబ్రా వుంది. మింట్‌లో ఉమ, తార వున్నారు. జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ చేసిన నాపిక్స్‌లో ఏడ్రియాన్ వుంది. అది ఆయన భార్య పేరు. ఆమెకి చూపు సరిగ్గా లేదు. తెర చూడనక్కరలేకుండా మాటలు విని వాడుకునే ఆ ఏర్పాటు, ఆమె సాయంతోనే తయారైంది. ఈ పేర్లన్నిటిలోనూ నాకు నచ్చింది అదే, ఎందుకంటే అక్కడ పేరుతోపాటు మనిషీ వుంది. డెబియన్‌లో ఆడవాళ్ళని చేర్చుకోవడం కోసం 2004లో ఒక జట్టు ఏర్పడింది. 2020లో కేరళకి చెందిన శ్రుతి చంద్రన్ నాయకత్వానికి పోటీచేసింది. అన్ని రకాల మనుషులకీ ఈ ఇంట్లో చోటుండాలన్నదే ఆమె ముఖ్యంగా చెప్పిన మాట. ఆ ఏడు గెలవలేదు. 2021లో మళ్ళీ నిలబడింది, 2024లో మళ్ళీ. ఆ పట్టుదల ముందు ఆర్చ్ ఎక్కించడం ఏపాటి కష్టం చెప్పండి!

విస్తరి సంగతిలో మనకి సంబంధించింది ఇంకోటి వుంది — తెలుగు. ఇప్పుడు పెద్ద డిస్ట్రోలన్నిటిలోనూ తెలుగు ఒత్తులూ గుణింతాలూ చక్కగా పడతాయి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలోనూ టైపు చేసుకోవచ్చు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతిలోనూ చేసుకోవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగు మాటలతో ఒక లినక్స్‌ని తయారుచేశారు. మెనూలు తెలుగులో పెట్టుకుంటే ఫైలుని 'దస్త్రం' అంటుంది, ఫోల్డరుని 'సంచయం' అంటుంది. దస్త్రం బాగుంది. కరణంగారి చేతిలో తిరిగిన మాట. సంచయం దగ్గర మాత్రం నిఘంటువు వాసన కొట్టింది. 'సంచి' అంటే ఏం పోయింది? కాని ఇదీ జీతం లేని పనే. అనువాదం చేసే చెయ్యి ఆగిపోయినచోట మెనూలో నాలుగు తెలుగు మాటల పక్కన అయిదోది ఇంగ్లీషులో మిగిలిపోతుంది. తెలుగు వచ్చిన మనకి అక్కడ చెయ్యగల పని బోలెడు వుంది.

ఇంక తీర్పు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11, టీపీఎం అనే భద్రతా చిప్పు సరైనది లేని పాత యంత్రాల్ని తీసుకోదు. అందువల్ల చాలా ఇళ్ళలో నిక్షేపంలాంటి కంప్యూటర్లు పాతసామానులవాడి కోసం ఎదురుచూస్తున్నాయి. మీ ఇంట్లో అలాంటిది వుండి, దానికి నాలుగు జీబీ మెమరీ వుంటే, మింట్ హాయిగా నడుస్తుంది. ముందు ఫోటోలూ కాయితాలూ వేరే చోట భద్రం చేసుకోండి. పెన్‌డ్రైవ్ మీద మింట్ పెట్టుకుని, కంప్యూటర్లో వున్నది చెరపకుండానే నాలుగు రోజులు వాడి చూడవచ్చు. టాలీ లాంటి విండోస్ ప్రోగ్రాములతో పని వున్నవాళ్ళు మాత్రం ఆ పని ఎలా జరుగుతుందో తేల్చుకున్నాకే మారండి. కాస్త అలవాటు పడ్డాక, మార్పులు అక్కరలేదు, నిలకడ కావాలి అనిపిస్తే డెబియన్ వుంది. నా నవలలు రాసుకునేది దానిమీదే. పిల్లలు ఆర్చ్ ఎక్కించుకుంటామంటే ఎక్కించుకోనివ్వండి, ఆదివారం వంట వల్ల కూడా చెయ్యి తిరుగుతుంది. సోమవారం గిన్నెలు కూడా వాళ్ళే తోముకోవాలని ముందే చెప్పండి.

ఏ ఇంట్లో భోంచేసినా, నెలకొకసారి ఆ పొయ్యి దగ్గర వున్న మనిషిని తలుచుకుని, పదో పరకో పంపించండి. అదీ వీలుకాకపోతే భోజనం బాగుందని ఒక ముక్క రాయండి. ఆ ఒక్క ముక్క కోసం ఎన్నేళ్ళు ఎదురుచూడవచ్చో మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?